మావయ్యగారి తుపాకి

మన పత్రికలో పండుగలూ, పెళ్ళిళ్ళూ, వంటకాలూ, తీర్థయాత్రలూ చదువుతూ వుంటాం. తుపాకి సంగతి ఎవరైనా రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు. అలాగని మన ఇళ్ళలో తుపాకులు లేవా అంటే, లేకేం? గంజాం సీమలో తరతరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబాలలో, అందునా పొలాలూ తోటలూ వున్న వాళ్ళ ఇళ్ళలో, ఏ మూలనో గుడ్డ సంచిలో ఒకటి నిలబడి వుంటుంది. తాతగారు కొన్నది, తండ్రిగారు దాచింది, మనం చూసి భయపడేది. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పారవేయడానికి అది పాత గొడుగు కాదు; వాడుకోవడానికి ఇది వెనకటి కాలమూ కాదు.

మా పెద్ద మావయ్యగారి ఇంట్లో అటువంటిది ఒకటి వుండేది. దాని ట్రిగ్గరు పట్టేయడం వల్ల ఆ ఇంట్లో ఎంత చర్చ జరిగిందో, చివరికి ఏమి తేలిందో చెబుతాను. తుపాకులు లేని వాళ్ళకు కూడా ఇందులో ఒకటి రెండు పనికివచ్చే ముక్కలు వుంటాయని నా నమ్మకం.

మావయ్యగారిది రుషికుల్య ఒడ్డున ఒక పల్లె. మా తాతగారి చిన్నతనంలో అది మద్రాసు రాజధానిలో వుండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో చాలా భాగంతో పాటు అటు చేరింది. ఊరు కదలలేదు, మేమూ కదలలేదు, సరిహద్దు కదిలింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మావయ్యగారికి కోపం వస్తే ఒడియాలో తిడతారు, జాలి కలిగితే తెలుగులో పలకరిస్తారు.

తాతగారు 1966లో ఆ తుపాకి కొన్నారు. అది .315 బోరు రైఫిలు, ఇచ్ఛాపూర్ కార్ఖానాలో తయారైనది. మనవాళ్ళు వినగానే మన ఇచ్ఛాపురమే అనుకుంటారు. ఇది కలకత్తా దగ్గరి ఇచ్ఛాపూర్. బ్రిటిష్ సైన్యం 1895లో చేపట్టిన లీ-ఎన్‌ఫీల్డ్ అనే నమూనాకు ఇది వారసురాలు. సైనికుల .303 తూటా పౌరులకు నిషిద్ధం గనుక, దాదాపు అదే యంత్రాన్ని వేరే బోరుతో మామూలు జనానికి అమ్మారు.

ఆ రోజుల్లో అడవిపందులు చెరకు తోటల్లో పడితే తెల్లారేసరికి ఎకరం నేలమట్టం. తాతగారు రాత్రిళ్ళు మంచె మీద కాపలా కాసేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేటకు పూర్తిగా తలుపు మూసుకుంది. మా వైపు జనానికి అది కొత్త ధర్మమేమీ కాదు. భేట్నై పరిసరాల పల్లెల్లో రైతులు తమ పైరు మేస్తున్నా సరే కృష్ణజింకలను కొట్టరు; అవి పొలంలో తిరిగితే ఊరికి మంచిదని వాళ్ళ విశ్వాసం. తాతగారు పోయాక 1985లో లైసెన్సు మావయ్యగారి పేరుకు మారింది. ఆ తరువాత ఆ తుపాకి ఒక్క జంతువు మీద కూడా పేలలేదు. నెలకొకసారి తుడవడం, దసరాకు ఆయుధపూజలో పసుపు కుంకుమలు పెట్టడం, గడువు తీరినప్పుడల్లా లైసెన్సు కాగితాలు పట్టుకుని కచేరీ చుట్టూ తిరగడం, ఇంతే దాని జీవితం. ఆ కాగితాలు రాసిపెట్టే పని నాది. ఒక ఆఫీసులో గుమాస్తాను గనుక మా బంధువర్గంలో దరఖాస్తులన్నీ నా నెత్తినే పడతాయి.

ఇక అసలు సంగతి. 2024 వినాయక చవితికి నేను మావయ్యగారి ఇంటికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయన వరండాలో తుండుగుడ్డ పరుచుకుని తుపాకి తుడవడానికి కూర్చున్నారు. ఆయనకు డెబ్బైఏడేళ్ళు, అయినా పద్ధతి తప్పరు. ముందు తూటాల పెట్టె ఊడదీశారు, బోల్టు వెనక్కి లాగి గదిలోకి కన్నుపెట్టి చూశారు, ఆపైన చిటికెన వేలు పెట్టి తడిమారు. "కన్ను మోసం చేస్తుందిరా, వేలు చేయదు" అనేవారు. తూటా లేదని రూఢి చేసుకుని బోల్టు మూసి, గొట్టాన్ని తోటలోని మట్టిగట్టు వైపు తిప్పి ట్రిగ్గరు నొక్కారు.

ఏమీ కాలేదు. ఇంకొంచెం నొక్కారు. కదిలినట్టే కదిలి ఆగిపోయింది. వేలు తీశారు. ట్రిగ్గరు ముందుకు తిరిగి రాలేదు, వెనకనే వుండిపోయింది. ఆయన ముఖం చిట్లించి, తుపాకి మడమను నేల మీద ఆనించారో లేదో, "టప్" మని చప్పుడు. వేలు ట్రిగ్గరు మీద లేదు. తుపాకి తనంతట తానే కొట్టేసింది.

లోపల తూటా లేదు గనుక చప్పుడుతో పోయింది. కాని వంటింట్లోంచి అత్తయ్య పరుగున వచ్చింది. బావ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. బావ కొడుకు తొమ్మిదేళ్ళవాడు, తాతగారి పక్కనే కూర్చుని చూస్తున్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ముందు బావే అన్నాడు: "నాన్నా, ఇంక చాలు. రేపే ఠాణాలో అప్పగించేద్దాం."

"తుప్పు పట్టిందని తల్లిని అప్పగిస్తావురా?" అన్నారు మావయ్యగారు.

"తల్లి పేలదు నాన్నా."

మాట మాట పెరిగింది. బావ భువనేశ్వరంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు; తనకు తుపాకి అక్కరలేదు, పొలం చూసుకునే తీరికా లేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, ఆ ఆయుధం ఆయన దగ్గర ఇరవైఅయిదేళ్ళు వున్నా, తన వారసులలో ఒకరికి లైసెన్సు ఇవ్వమని ఆయన కోరవచ్చు. మావయ్యగారికి రెండు అర్హతలూ వున్నాయి. ఏడేళ్ళుగా ఆ దరఖాస్తు రాయించుకోవడానికి ఆయన సిద్ధమే, సంతకం పెట్టడానికి బావ సిద్ధం కాడు. ఆ పాత గొడవకు ఈ కొత్త చప్పుడు తోడైంది. అత్తయ్య మాత్రం ఒక్కటే మాట అంది: "ఎవరికిచ్చినా సరే, పసివాడు ఇంట్లో వుండగా అది ఈ స్థితిలో నా గడపలో వుండడానికి వీల్లేదు."

ఆఫీసులో ఒక ఫైలు పట్టేస్తే మేము చేసేది ఒకటే. ఎవరిది తప్పు అని అడగం; ఏ బల్ల మీద ఆగింది అని చూస్తాం. నేను మావయ్యగారిని ఆ దారినే అడిగాను. తుపాకి ఆయన చేతిలోనే వుంది. లైసెన్సు ఆయనది గనుక నేను ముట్టుకోలేదు, టార్చిలైటు పట్టుకున్నానంతే.

"మావయ్యా, నొక్కేటప్పుడు పట్టేస్తోందా, తిరిగి వచ్చేటప్పుడా?"

"రెండూను. రావడమే మరీ కష్టంగా వుంది."

"బోల్టు ఊడదీసి ట్రిగ్గరు కదిపి చూడండి."

ఆయన బోల్టు మొత్తం బయటికి లాగి పక్కన పెట్టి ట్రిగ్గరు కదిపారు. అప్పుడూ జిడ్డులో వేలు ఆడినట్టు నెమ్మదిగానే కదిలింది. అంటే పాపం బోల్టుది కాదు, కిందనున్న భాగాలదే. సగం ఫైలు అక్కడే తేలింది.

ఈ యంత్రం పని చేసే తీరు కొంచెం చెప్పాలి. బోల్టు మూసినప్పుడు లోపలి సూది వెనక్కి బిగిసి ఒక కొక్కేనికి తగులుకుని ఆగుతుంది. ట్రిగ్గరు నొక్కితే ఆ కొక్కెం కిందికి దిగుతుంది, సూది ముందుకు దూకుతుంది. ఇందులో నొక్కు రెండు అంచెలు. మొదటిది మెత్తగా వస్తుంది. అప్పుడు కొక్కెం అంచు దాకా జారుతుంది. రెండోది గట్టిగా వుంటుంది; అప్పుడు వదిలేస్తుంది. మొదటి అంచె దాకా నొక్కి మనసు మార్చుకుని వేలు తీస్తే, ఒక చిన్న స్ప్రింగు కొక్కేన్ని మళ్ళీ పైకి నెట్టి పూర్తిగా పట్టించాలి. మావయ్యగారి తుపాకిలో అది పైకి పోవడం లేదు. వెంట్రుకవాసి అంచు మీద వేలాడుతోంది. మడమ నేలకు తగిలిన ఆ కాస్త అదురుకే జారిపోయింది.

పట్టేసిన ట్రిగ్గరంటే పేలని తుపాకి అని చాలామంది అనుకుంటారు. అలా అయితే అంత భయం లేదు. అది మనం కోరినప్పుడు పేలదు, కోరనప్పుడు పేలుతుంది. అసలు ప్రమాదం అదీ.

మూడోనాడు ఆ తుపాకిని సంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకం పట్టుకుని, మరమ్మతుకు కూడా అనుమతి వున్న ఒక దుకాణానికి బరంపురం వెళ్ళాం. మరమ్మతు ఎవరు పడితే వారు చేయకూడదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం దానికీ లైసెన్సు కావాలి. అక్కడి మిస్త్రీ ఒడియా పెద్దమనిషి, కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు. మావయ్యగారిని "ఆజ్ఞా" అంటూ కూర్చోబెట్టి, మొదట తనూ బోల్టు తీసి, వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. మావయ్యగారి ముఖంలో అప్పటికి కొంచెం వెలుగు వచ్చింది.

మిస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య దీనికి ఏ నూనె రాశారు?"

మావయ్యగారు నెమ్మదిగా చెప్పారు. 2024 ఎన్నికలకు ముందు, మార్చిలో, తుపాకులు ఠాణాలో జమ చేయమని కబురు వచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వుండేదే. అక్కడ ఎన్ని నెలలు వుంటుందో, చెక్క ఎండిపోతుందేమోనని, ఆయన అవిసె నూనె తెప్పించి చెక్కకు రెండు పూతలు పట్టించారు. చెక్క తాగినంత తాగింది. మిగిలింది తుడవకుండా సంచిలో పెట్టి పంపారు. జూన్‌లో తిరిగి తెచ్చుకున్నారు.

మిస్త్రీ తల ఊపి, కింది మరలు విప్పి, ట్రిగ్గరు చుట్టూ వుండే వంపురేకును వేరు చేశాడు. ఈ నమూనాలో ట్రిగ్గరు ఆ రేకుకే తగిలించి వుంటుంది. దాని ఇరుసు దగ్గర, కొక్కెం పక్కల, తేనె రంగులో గట్టిగా ఒక పొర పట్టి వుంది. గోటితో గీకితే లక్కలా పెళుసుగా లేచింది.

"ఆజ్ఞా, యంత్రం చెడలేదు. ముద్దు ఎక్కువైంది, అంతే" అన్నాడు.

అవిసె నూనె తక్కిన నూనెల వంటిది కాదు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె ఎన్నాళ్ళున్నా జిడ్డుగానే వుంటాయి. అవిసె నూనె మాత్రం గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని పొరగా గట్టిపడుతుంది. అందుకే దాన్ని రంగుల్లోనూ వార్నీషుల్లోనూ వాడతారు, చెక్క సామానుకు మెరుగు పెడతారు. చెక్కకు అది అమృతం, కదిలే ఇనుముకు బంక. ఎండాకాలం మూడు నెలల్లో ట్రిగ్గరు సందుల్లోకి జారిన నూనె అక్కడే పొరకట్టింది.

అంతటితో అయిపోలేదు. మిస్త్రీ చెక్కలో ట్రిగ్గరు ఆడే గాడిని చూపించాడు. ఒక పక్క నల్లగా, నున్నగా రాసుకుపోయి వుంది. వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది. పొడుగున మాత్రం అంతగా పెరగదు. గోపాలపురం సముద్రపు గాలి తగిలే మా సీమలో తలుపులు శ్రావణ భాద్రపదాల్లో పట్టేసినట్టే, తుపాకి చెక్కా పట్టేస్తుంది. ట్రిగ్గరు రేకుకు, కొక్కెం తుపాకి ఒంటికి తగిలి వుండగా, మధ్యలో చెక్క ఉబ్బితే ఆ రెండింటికీ మధ్య దూరం మారుతుంది, నొక్కు తీరూ మారుతుంది. తెల్లవాళ్ళ సైన్యం కూడా ఈ బాధ పడ్డదే. అందుకే 1949 ప్రాంతాల వచ్చిన మార్పులో ట్రిగ్గరును రేకుకు కాక తుపాకి ఒంటికే తగిలించారట. మావయ్యగారిది పాత పద్ధతి.

నూనె ఒక్కటే అయితే అంచు దాకా వచ్చేది కాదేమో. చెక్క ఒక్కటే అయినా అంతే. రెండూ ఒక్క వానాకాలంలో కలిశాయి.

మిస్త్రీ చేసిన పని చూస్తే చాలా చిన్నది. భాగాలను మట్టినూనెలో నానబెట్టి, కుంచెతో తోమి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. ఇరుసుకు సన్నని యంత్రపు నూనె ఒకే చుక్క వేసి, మిగిలింది తుడిచేశాడు. చెక్కను నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి, రాసుకుంటున్న చోట మాత్రం పల్చగా గీకాడు. స్ప్రింగు బలం చూసి, బాగానే వుందన్నాడు. కొక్కెం అంచును మాత్రం ఆకురాయితో ముట్టలేదు. "నొక్కు మెత్తగా వస్తుందని ఇక్కడ అరగదీసే వాళ్ళున్నారు. అప్పటికి హాయిగానే వుంటుంది. ఆ తరువాత ఒకనాడు ఎవరి ప్రాణమో పోతుంది" అన్నాడు. ఆ అంచు కోణం తయారైననాడు ఎలా వుందో అలాగే వుండాలట.

అన్నీ బిగించాక పరీక్ష. బోల్టు మూసి, మొదటి అంచె దాకా నొక్కి, వేలు తీశాడు. ట్రిగ్గరు చటుక్కున ముందుకు వచ్చింది. మడమను రబ్బరు పట్టా మీద గట్టిగానే కొట్టాడు. కదల్లేదు. అలా పది పన్నెండు సార్లు. చివరికి మావయ్యగారి చేతికిచ్చి, "మీరు చూడండి ఆజ్ఞా" అన్నాడు. ఆయన నొక్కారు. పాత రోజుల్లో విన్న చప్పుడే వినిపించింది కాబోలు, చాలాసేపు తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

దారిలో ఆయన ఏమీ మాట్లాడలేదు. నాకు అర్థమైంది. మరొకరి నిర్లక్ష్యం వల్ల చెడివుంటే ఆయన కోప్పడి వూరుకునేవారు. చెక్క ఎండకూడదని ఆయన ప్రేమతో పూసిన నూనే, పసివాడి పక్కన ఆ చప్పుడు చేయించింది. తొంభై దాటి ప్రాణం వున్న ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా, పాత అలవాటుతో కాక తెలుసుకుని చూసుకోవాలని ఆయనకు చెప్పేంతవాణ్ణి నేను కాను.

దసరా దాకా తుపాకి దుకాణంలోనే రశీదు మీద వుంది. అత్తయ్య మాట అత్తయ్యదే. మహానవమి నాడు మావయ్యగారు దాన్ని తెప్పించి పూజ చేశారు. హారతి అయ్యాక బావను పిలిచి, "అబ్బాయ్, ఇప్పుడిది బాగా వుంది. నీకు కావాలా?" అని అడిగారు. బావ తల దించుకుని, "వద్దు నాన్నా" అన్నాడు. ఏడేళ్ళ వాదం ఆ రెండు ముక్కల్లో ముగిసింది. చిత్రమేమిటంటే, ఈసారి మావయ్యగారికి కోపం రాలేదు.

"అయితే నేనే పంపిస్తాను. చెడ్డదాన్ని వదిలించుకున్నాననే పేరు నాకొద్దు. మంచిదాన్ని మంచిగా అప్పగించాననే మాట చాలు" అని నా వైపు తిరిగి, "కాగితాలు రాయరా" అన్నారు.

రాశాను. తుపాకి నెంబరూ, బోరూ, లైసెన్సు నెంబరూ, మిగిలిన తూటాల లెక్కా. పై అధికారులకు తెలియజేసి, లైసెన్సున్న దుకాణదారుకు రశీదు మీద అమ్మి, లైసెన్సు పుస్తకం కచేరీలో అప్పగించాం. తూటాలు పదకొండు. లెక్క సరిపోయింది. నా ఉద్యోగంలో ఎన్నో ఫైళ్ళు మూసాను గాని, ఆ ఒక్క ఫైలు మూసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది.

చదువరులలో ఇటువంటి వస్తువు ఇంట్లో వున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఇంట్లో వున్న పాత తుపాకి లైసెన్సు ఎవరి పేర వుందో, గడువు ఎప్పుడో ఈవేళే చూసుకోండి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు అయిదేళ్ళు. ఒక మనిషికి రెండు ఆయుధాలే. లైసెన్సుదారు పోతే ఆయుధాన్ని ఇంట్లో అట్టే పెట్టుకోకూడదు. ఠాణాలోగాని, లైసెన్సున్న దుకాణంలోగాని జమ చేయాలి. పెద్దవాళ్ళు బతికి వుండగానే వాళ్ళనే అడిగి తేల్చుకోవడం అన్నిటికన్న మేలు. ట్రిగ్గరు ఏ కొంచెం తేడాగా వున్నా దాన్ని సొంతంగా విప్పకండి. తూటాలు తీసి, తాళం వేసి, తెలిసినవాడి దగ్గరికి తీసుకువెళ్ళండి. సేఫ్టీ వుంది కదా అని ధైర్యపడకండి.

తుపాకి లేనివాళ్ళకు ఒక మాట. తలుపులకో కుర్చీలకో అవిసె నూనె రాస్తే, పావుగంట ఆగి మిగిలింది తుడిచేయండి. తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయవద్దు. ఆ నూనె ఎండేటప్పుడు వేడి పుడుతుంది; ముద్దగా వున్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. విడివిడిగా పరిచి ఆరుబయట ఆరబెట్టి, ఆపైన పారవేయండి. ఈ మాట ఆ మిస్త్రీయే మావయ్యగారికి చెప్పాడు. ఇంటికి రాగానే ఆయన మొట్టమొదట కొట్టు గదిలోకి వెళ్ళి వెతికింది, మార్చిలో వాడిన ఆ గుడ్డ కోసమే.